నాంచారయ్య వచ్చాడా, వచ్చిందా? ఒక నవల పని డైరీ

జూన్ 12

మొదటి అధ్యాయం పదకొండు పేజీలూ ఈ ఉదయం చించేశాను. తప్పు రైలుది.

నవల 1896లో మొదలవుతుంది. గుంటూరులో ఒక గుర్రపువాడి కూతురు, తండ్రి పోయాక మగవేషం వేసుకుని మద్రాసు వెళ్లి, గిండీలో పందెపు గుర్రాల లాయంలో పనికి కుదురుతుంది. అక్కడ పద్దులు రాసే బందరు గుమాస్తాతో ప్రేమలో పడుతుంది. పేరు నాంచారమ్మ. మగవేషంలో నాంచారయ్య. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకు ఈ రెండు పేర్లూ ఇంటి పేర్లంత పరిచయం. చివరి అక్షరం మారిస్తే చాలు, మనిషి మారిపోయినట్టే. ఆ సంతోషంలోనే ఆమెను బెజవాడలో మద్రాసు రైలెక్కించి, కృష్ణ వంతెన దాటుతుండగా కన్నీళ్లు కూడా పెట్టించాను.

వంతెన 1893 నాటికే ఉంది. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు నడిచింది మాత్రం 1899లో. మూడేళ్లు ముందే ఎక్కించాను పిల్లను.

"అయితే 1899లోనే మొదలుపెట్టు" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే. కుదరదు. గిండీలో పందేలు 1777 నుంచే ఉన్నాయి గాని, మద్రాసు రేస్ క్లబ్బు ఏర్పడింది 1896లో. కొత్త క్లబ్బు, దాని వెంట కొత్త యజమానులు, కొత్త లాయాలు, కొత్త పద్దుపుస్తకాలు. కొత్త పుస్తకంలో కొత్త పేరు రాయించుకోవడం తేలిక. ఆ ఏడాదిని వదులుకోలేను.

జూన్ 15

పడవ. ఇంత సేపు ఎందుకు తట్టలేదో!

నిన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు వెళ్లి, పడమటి కాలువ మొదలయ్యే చోట కాసేపు నిలబడి వచ్చాను. ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది. మా నాంచారమ్మ కాలంలో ఉన్నది 1855లో పూర్తయిన ఆనకట్ట. ఆ కాలువే దుగ్గిరాల చేరి, అక్కడ చీలి, కొమ్మమూరు కాలువగా పెదగంజాం దాకా పోతుంది. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకుంటే సముద్రం పక్కనే మద్రాసు. 1877-78 కరువు పనుల్లో కూలీల చేత తవ్వించి సాగదీసిన కాలువ అది. ఆకలితో ఉన్నవాళ్లు తవ్విన నీటిలోనే ఆకలితో ఉన్న పిల్ల పట్నం పోతుంది. ఇది రాయకుండా రైలు రాశాను!

రైలే కావాలంటే గుంతకల్లు చుట్టు తిరిగి వెళ్లే దారి ఉంది. కానీ టిక్కెట్టుకు డబ్బులెక్కడివి? పడవలో అయితే గట్టు మీద తాడు పట్టుకుని లాగే మనుషులు కావాలి. పడవను లాగితే తిండి పెట్టి తీసుకుపోతారు. అంటే మగవేషం లాయంలో కాదు, కాలువ గట్టు మీదే మొదలవుతుంది. భుజం మీద తాడు ఒరిపిడి మచ్చ మద్రాసు చేరేలోపే పడుతుంది. తర్వాత పనికొస్తుంది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ లోపే బయలుదేరాలి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో తలనీలాలు ఇచ్చేస్తుంది. గుండు ఎందుకని అడిగేవాడు ఉండడు. నెల తిరగకుండా పడవ.

జూన్ 27

పది రోజులు ఒక్క వాక్యం రాయలేదు. కారణం ఇది.

మొదట అనుకున్న నాయిక వేరు. గుండు చేయించిన బాలవితంతువు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన పదిహేనేళ్లకు కూడా ఊళ్లలో మంగలికత్తి ఆగలేదు. ఆ గుండు మీద తలపాగా చుడితే కుర్రవాడే కదా! ఆలోచన బాగానే ఉంది. కానీ ఆ ఆచారం ఉన్న ఇళ్లలో పిల్లకు గుర్రం కాలు ఎత్తడం ఎవరు నేర్పుతారు? పుస్తకంలో చదివి నేర్చుకుంటుందా? అందుకే గుర్రపువాడి కూతురిని తెచ్చుకున్నాను.

ఆమెతో ఇంకో చిక్కు వచ్చింది. 1830లలో రాజమండ్రి జడ్జిగారి భార్య, తర్వాత జూలియా మెయిట్‌లండ్‌గా పేరొందిన ఆవిడ, మద్రాసు నుంచి రాసిన ఉత్తరాల్లో ఒక ముక్క ఉంది. ఇక్కడ ప్రతి గుర్రానికీ ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ఉంటారట. ఆడమనిషి పని గడ్డి కోయడం. ప్రతి కుక్కకూ ఒక కుర్రవాడట. పిల్లికి ఎవరున్నారని అడిగితే, దాని పని దాన్నే చేసుకోనిస్తున్నారని చెప్పారట. పిల్లి దగ్గర నవ్వాను. ఆడమనిషి దగ్గర నవ్వు ఆగిపోయింది.

లాయంలో ఆడవాళ్లు ముందే ఉన్నారు! గుర్రపువాడి భార్యో, కూతురో కొడవలి పట్టుకుని రోజూ వచ్చిపోతూనే ఉన్నారు. అలాంటప్పుడు నాంచారమ్మ నాంచారమ్మగానే వెళ్లవచ్చు. వేషం ఎందుకు? ప్రేమకథ కోసమా? అది నా అవసరం. ఆమె అవసరం కాదు.

జూన్ 30

జవాబు దొరికింది. గడ్డి కోసే మనిషి గుమ్మం దాకానే. మోపు దించి వెళ్లిపోవాలి. కళ్లెం ఆమె చేతికి రాదు, తెల్లవారుజామున గుర్రాన్ని మైదానంలో నడిపించే పని రాదు, పద్దుపుస్తకంలో సొంత పేరూ రాదు. ఫలానావాడి గుర్రం, ఫలానావాడి గడ్డిమనిషి, అంతే. నాంచారమ్మకు పదేళ్లప్పటి నుంచి ఆ గుమ్మం ఎంత దూరమో తెలుసు. దాటాలనుకుంది.

ఇంగ్లండులో మాత్రం ఏం ఒరిగింది? ఎలిషియా థార్న్‌టన్ అనే ఆవిడ 1804లో యార్క్ మైదానంలో వేలమంది చూస్తుండగా, రెండు కాళ్లూ ఒకవైపే వేసుకుని నాలుగు మైళ్ల పందెంలో స్వారీ చేసింది. అయినా అక్కడి జాకీ క్లబ్బు ఆడవాళ్లకు గుర్రాలను తయారుచేసే లైసెన్సు ఇవ్వడానికి 1966 దాకా పట్టింది. అదీ ఫ్లోరెన్స్ నాగిల్ కోర్టుకెక్కితే. అప్పటిదాకా పని ఆవిడది, కాగితం మీద పేరు లాయంలోని మేస్త్రీది. మగవేషం ఒంటికి వేయకపోతే కాగితానికి వేశారు.

నా గుమాస్తా పద్దుపుస్తకం ఒక్కసారిగా నవలలో పెద్ద వస్తువైపోయింది.

జూలై 8

గుర్రాన్ని ముట్టుకోకుండా గుర్రాల నవల రాయడం సిగ్గు. భవానీపురం వైపు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు జట్కా తోలారు. నేను "సాయిబు గారూ" అంటాను. ఆయన "పంతులమ్మ గారూ" అంటారు. ముప్పై ఏళ్లు తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైనట్టు నా మొహం మీదే రాసి ఉంటుంది కాబోలు. వారానికి మూడు ఉదయాలు తెల్ల ఆడగుర్రం పని నాకిచ్చారు. జీతం లేదు, తిట్లు ఉన్నాయి.

మొదటి తిట్టు: ఎదురుగా వెళ్లాను. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా ముక్కు ముందు ఉన్నదీ, తోక వెనక ఉన్నదీ దానికి కనిపించదు. ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ రావాలి.

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా. మీరు పాఠం చెప్పినా వింటుంది."

జూలై 19

గిట్టలు శుభ్రం చేయడం వచ్చింది. నడుము పోయింది.

భుజం దగ్గర నిలబడి, అరచెయ్యి కాలి వెంట కిందికి జార్చి, మడమ పైన మెల్లగా నొక్కితే కాలు ఎత్తి ఇస్తుంది. ఇవ్వడం అనే మాట సరిగ్గా సరిపోతుంది. ఇవ్వకపోతే లాక్కోవడం మన వల్ల కాదు. ఇనప కొక్కెంతో మడమ నుంచి ముందుకు గీరాలి. మధ్యలో మెత్తని త్రికోణపు భాగం ఉంటుంది, దాని జోలికి పోకూడదు. నాడాకూ గిట్టకూ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి ఒకటి ఊడి నా కాలి మీద పడింది. ఎంత హాయిగా ఊపిరి వదిలిందో!

తర్వాత ఖరారా. ఇనప పళ్ల దువ్వెన. గుండ్రంగా తిప్పుతూ దువ్వి, దుమ్ము లేచాక కుంచెతో తుడవాలి. ఒక పక్క పూర్తయ్యేసరికి నా తెల్ల జుట్టూ దాని తెల్ల జుట్టూ ఒకటే రంగుకు వచ్చాయి, మట్టి రంగుకు.

ఇంటికొచ్చి మూడో అధ్యాయం తీసి చూశాను. "నాంచారయ్య మృదువుగా గుర్రాన్ని నిమిరాడు" అని ఉంది. నిమరడమా! కొట్టేశాను. ఆ పేరాలో ఇప్పుడు చెమట, రాయి, నడుము ఉన్నాయి. తలపాగా వర్ణన ఒకటిన్నర పేజీ ఉండేది, రెండు వాక్యాలు మిగిలాయి. లాయంలో ఎవరూ ఎదుటివాడి తలపాగా చూడరు. గిట్ట ఎలా పట్టుకున్నాడో చూస్తారు.

జూలై 26

వంటింట్లో ప్రయోగం. రెండు కిలోల ఉలవలు రాత్రి నానబోసి, పొద్దున ఉడికించాను. మద్రాసు రాజ్యంలో దొరల గుర్రాలన్నిటికీ తిండి ఇదే. ఉలవలకు ఇంగ్లీషులో పేరే గుర్రపు గింజ. సాయిబు గారు గట్టిగా చెప్పారు: మెత్తగా ఉడకాలి, చల్లారాలి, కొలత మించకూడదు. గుర్రానికి వాంతి రాదు. మనిషైతే కక్కేసి బతుకుతాడు, దానికి తిన్నది లోపలే ఉండి శూల పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఉడికిన నీళ్లు పారబోయడానికి మా కోడలు ఒప్పుకోలేదు. చింతపండు వేసి మరిగించి తాలింపు పెట్టింది. గుగ్గిళ్లు గుర్రానికి, ఉలవచారు మాకు. మా ఆయన రెండోసారి కలుపుకుంటూ "నీ నవల ఇంకా ఎన్నాళ్లు రాస్తావు?" అని మొదటిసారి ప్రేమగా అడిగారు.

ఐదో అధ్యాయం అక్కడే దొరికింది. భారతంలో మారుపేరుతో గుర్రాల పనికి కుదిరినవాళ్లు ఇద్దరున్నారు. విరాటుడి కొలువులో దామగ్రంథిగా నకులుడు, ఋతుపర్ణుడి దగ్గర బాహుకుడిగా నలుడు. బాహుకుడు వండిన వంట తెప్పించుకుని రుచి చూసి దమయంతి అనుమానం తీర్చుకుంటుంది. మా గుమాస్తా ఏడాదిగా మద్రాసు రసం తాగి నాలుక చచ్చినవాడు. ఒక రాత్రి లాయం వెనక నుంచి ఉలవచారు వాసన వస్తుంది. గిన్నె పట్టుకుని వెళతాడు. "ఒరేయ్, నీది ఏ ఊరు?" అదే మొదటి మాట.

ఆగస్టు 5

వారం రోజులుగా క్రియాపదాలతో కుస్తీ.

ముప్పై ఏళ్లు ఏకవచనంలో మగవాడు మహత్తు, తక్కినవి అమహత్తు అని బోర్డు మీద రాశాను, అది నా మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు. నేను కథ చెబుతూ ఆమెను ఏమనాలి? "నాంచారయ్య వచ్చాడు" అంటే పాఠకుడికి అబద్ధం చెప్పినట్టు. "వచ్చింది" అంటే వాక్యం వాక్యానికీ వేషం ఊడదీసినట్టు. మన భాషలో వాక్యం చివరికొచ్చేసరికి రహస్యం బయటపడి తీరుతుంది.

ఆమె నోటితో చెప్పిస్తే? అక్కడ తెలుగు ఎంత దయగలదో చూడండి. "నేను వచ్చాను, చేశాను, పడుకున్నాను." ఆడా లేదు, మగా లేదు. మద్రాసులో ఆమె చుట్టూ వినిపించే అరవంలోనూ అంతే. నాంచారమ్మ రోజంతా మాట్లాడినా ఒక్క అబద్ధం ఆడనక్కర లేదు! కానీ లాయంలో సాయిబులు ఉన్నారు. వాళ్ల భాషలో మగవాడు "మైఁ ఆయా" అంటే ఆడది "మైఁ ఆయీ" అనాలి. గుంటూరులో ఆమె ఆ భాష నేర్చుకున్నదే పక్కింటి ఆడవాళ్ల దగ్గర. కాబట్టి తెలుగులో ధైర్యం, తురకంలో మౌనం. అందుకే ఆమెకు మూగ నాంచారయ్య అని పేరు పడుతుంది. ఈ పాయింటు దొరికిన రాత్రి నిద్రపోలేదు.

ఇంకొకటి. "గుర్రం నీళ్లు తాగింది. ఆమె చూసింది." ఒకటే క్రియ. మన వ్యాకరణం ఏకవచనంలో ఆడదాన్నీ గుర్రాన్నీ ఒకే గాటన కట్టింది. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు నవ్వేవారు, ఆడపిల్లలు కోప్పడేవారు, నేను "నియమం అంతే" అని దాటేసేదాన్ని. ఇప్పుడు దాటేయడం లేదు. పందెపు గుర్రం ఆస్ట్రేలియా నుంచి ఓడలో దిగిన వేలర్ జాతి ఆడగుర్రం. న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చేవి కాబట్టి ఆ పేరు. యజమాని పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగక, నుదుటి తెల్లమచ్చ చూసి పనివాళ్లు చుక్క అని పిలుస్తారు. మనుషుల మధ్య ఉన్నంతసేపు నేను నాంచారయ్య "చేశాడు" అని రాస్తాను. రాత్రి చుక్కా తనూ మిగిలినప్పుడు ఇద్దరికీ "-ింది". "చుక్క మెడ వంచింది. గంట కొట్టింది విని తలెత్తింది. కళ్లు మూసుకుంది." ఎవరు తలెత్తారో, ఎవరు కళ్లు మూసుకున్నారో చెప్పను.

మా ఆయనకు ఈ పేరా చదివి వినిపించాను. "కర్త లోపించింది" అన్నారు. ఆయనా టీచరే. లెక్కలు.

ఆగస్టు 17

చిన్న దిద్దుబాటు. నా జాకీలు జీను మీద ముందుకు వంగి, మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని దూసుకుపోతున్నారు. టీవీ ప్రభావం. కురచ రికాబులతో అలా కూర్చోవడాన్ని అమెరికా జాకీ టాడ్ స్లోన్ 1897లో ఇంగ్లండు వచ్చాకే అక్కడివాళ్లు, ముందు నవ్వినా, తర్వాత నేర్చుకున్నారు. నా పందెం 1896 చలికాలంలోది. అందరినీ నిటారుగా కూర్చోబెట్టి, రికాబులు పొడుగు చేశాను. పందెం దృశ్యం నెమ్మదించింది. ఫరవాలేదు. నాకు పందెం కన్నా పందెం అయ్యాక చెమటతో వచ్చిన గుర్రాన్ని నడిపించి చల్లబరచడమే ఇష్టం.

సెప్టెంబరు 2

ఎనిమిదో అధ్యాయం. గుమాస్తాకు నిజం తెలియాలి. ఎలా?

స్నానాల రేవు దృశ్యం రాశాను, నాలుగు పేజీలు. తడిబట్టలు, జారిన తలపాగా, గుమాస్తా నోరు తెరిచి నిలబడటం. ఇలాంటి దృశ్యం నేనే వెయ్యిసార్లు చదివి విసుక్కున్నాను. మా కోడలు మాత్రం "ఇదే బాగుందత్తయ్యా" అంది. పక్కన పెట్టాను.

రెండోది: రాత్రి చుక్కతో మాట్లాడుతూ "మనం ఆడవాళ్లం కదే" అనడం, గోడ అవతల గుమాస్తా వినడం. వ్యాకరణం వైపు నుంచి ముచ్చటగా ఉంది. క్రియ దాచిన రహస్యాన్ని నామవాచకం బయటపెట్టింది. కానీ ఆరు నెలలు నోరు కట్టుకున్న మనిషి ఆ ఒక్క రాత్రి ఎందుకు జారుతుంది? ఆమె జారలేదు. నేను తోశాను.

సెప్టెంబరు 11

ఇవాళ సాయిబు గారికి ఐదో అధ్యాయం చదివి వినిపించాను. గుర్రాల పనిలో తప్పులుంటే చెబుతారని. నాంచారమ్మ సంగతి చెప్పలేదు. గిండీలో పనిచేసే ఒక కుర్రవాడి కథ అన్నాను. చదివిన భాగంలో గడ్డి కోసే మనిషి జ్వరంతో పడుకుంటే నాంచారయ్యే కొడవలి పట్టుకుని వెళ్లి మోపు తెస్తాడు, చుక్కకు వేస్తాడు, ఉలవలు పొయ్యి మీద పెడతాడు. అన్నీ "-ాడు"లే. గుర్రం మెడ మీద చెయ్యి వేసుకుని చివరిదాకా విన్నారు.

"ఉలవలు చల్లార్చి పెట్టిందా, వేడిగానే పెట్టిందా?"

పుస్తకం మూశాను. "ఎవరు పెట్టింది?"

"అదే, ఆ పిల్ల."

"పిల్ల అని నేను ఎక్కడ చదివాను సాయిబు గారూ?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, గుమ్మంలో వంగి లోపలికొచ్చాడని చదివారు కదా పంతులమ్మ గారూ. మా జట్కాల స్టాండుకు రోజూ గడ్డి తెచ్చేవాళ్లు ఎంతమంది! మగవాడు మోపు భుజాన వేసుకుంటాడు. నెత్తిన పెట్టుకునేది ఆడవాళ్లే."

అది నేను కావాలని రాయలేదు. మోపు అనగానే నా కళ్ల ముందు చిన్నప్పుడు చూసిన గడ్డిమోపుల ఆడవాళ్లు మెదిలారు, చెయ్యి రాసేసింది. నాంచారమ్మ చెయ్యి కూడా అంతే కదా. పదేళ్లప్పటి నుంచి రోజూ చేసిన పని. గుండు చేయించుకుంది, పేరు మార్చుకుంది, నోరు కట్టుకుంది. నెత్తి మీద మోపు ఎవరికి తడుతుంది?

సెప్టెంబరు 13

ఎనిమిదో అధ్యాయం మళ్లీ మొదలు. ఐదులో ఆ వాక్యం ముట్టుకోలేదు, అలాగే ఉంది. ఎనిమిదిలో ఆమె రెండోసారి గడ్డికి వెళుతుంది. గుమాస్తా కిటికీ దగ్గర జీతాల పద్దు రాస్తుంటాడు. మోపు గుమ్మంలో వంగడం చూస్తాడు. నాంచారయ్య పేరు సగం రాసిన కలం ఆగుతుంది. ఒక చుక్క సిరా పడుతుంది. దాని మీద అద్దుడు కాగితం వేసి, పేరు పూర్తి చేస్తాడు. నాంచారయ్య అనే.

ఆ పైన అతను ఏమీ అడగడు. ఆ రోజు నుంచి "ఒరేయ్" అనడం మాత్రం మానేస్తాడు. "ఒసే" అనలేడు, "ఏమండీ" అనలేడు. పిలుపు లేకుండానే మాట మొదలుపెడతాడు. "చారు మిగిలిందా?" అంటాడు. ఇలా మూడు అధ్యాయాలు నడపాలి. పాఠకుడు ఎక్కడ గమనిస్తాడో అక్కడ గమనించనీ.

ఇవాళ రెండున్నర పేజీలు. సాయిబు గారి ప్రశ్నకు జవాబు కూడా చేర్చాను: చల్లార్చే పెట్టింది. స్నానాల రేవు పేజీలు నాలుగూ మా కోడలు తీసుకెళ్లింది, మేడ మీద ఉలవలు ఆరబోయడానికి.